చిట్టచివరి వరస

పామర్రు,
18-6-1998

చెల్లీ హెలెన్‌కు,

నీ అక్క మాణిక్యమ్మ ముద్దులు. మరిది జయపాల్ గారికి వందనాలు. మంచంలో ఉన్న మీ అత్తయ్య గారికి కాస్త నెమ్మదిగా ఉందని తలుస్తాను.

నీకొక పని పెడుతున్నాను, విసుక్కోకు. మొన్న శనివారం మా చర్చి ఆవరణలో మిషను వాళ్ళు కంటి శిబిరం పెట్టారు. మామూలుగా అయితే నేను వెళ్ళేదాన్ని కాదు. పోయిన నెల స్త్రీల సమాజంలో వాక్యం చదువుతూ ఒక వరస దాటేసి కింది వరసలోకి పోయాను. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను. పాస్టరమ్మ రాజ్యలక్ష్మి గారు కనిపెట్టింది. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి, "మీ కళ్ళు అలిసిపోతున్నట్టున్నాయి మాణిక్యమ్మ గారూ, వచ్చే నెల నుంచి నేను చదవనా అండీ?" అంది. ఎంత తియ్యగా అందనుకున్నావ్! ఆవిడ చదువు నువ్వు విన్నావుగా, రాళ్ళున్న అన్నం నమిలినట్టుంటుంది. నాన్న ఊరూరా ఉపదేశిగా తిరిగి, కలుపుకి పోయే ఆడపిల్లకి అక్షరాలు నేర్పాలని పంతం పట్టింది ఆ కుర్చీ ఆవిడకి అప్పగించడానికి కాదు. అందుకని వెళ్ళి వరసలో నిలబడ్డాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అద్దాలు మార్చి మార్చి చూసింది. గోడ మీది అక్షరాలు రెండు మూడు తప్పాను. తర్వాత చేతికి ఒక అట్ట ఇచ్చింది. పైన పెద్దక్షరాలు, కిందికి పోనుపోను చీమ తలకాయలంత. చిట్టచివరి వరస దాకా ఎక్కడా ఆగకుండా చదివేశాను! "మీ కళ్ళు బంగారం అమ్మా, శుక్లాలు కూడా లేవు, చదువుకోడానికి జోడు పెట్టుకుంటే చాలు" అని ఈ కాయితం రాసిచ్చింది. నా వెనకున్న ముసలమ్మ ఒక్క వరసా చదవలేకపోతే ఆవిడని పక్కన కూర్చోబెట్టి కళ్ళల్లో మందు చుక్కలు పోశారు. పాపం అనిపించింది.

ఇక్కడ కళ్ళజోళ్ళు సంతలో బుట్టలో పోసి అమ్ముతారు. ఈ కాయితం ప్రకారం మంచిది అక్కడ నువ్వు చేయించు. వచ్చే కూడిక నాటికి కావాలి.

నీ అక్క,
మాణిక్యమ్మ


భవానీపురం, విజయవాడ,
29-6-1998

అక్కకు, హెలెన్ వందనాలు.

నీ ఉత్తరం, కాయితం అందాయి. కాయితాన్ని ఒక తెల్లకాగితం మీద దించుకుని అసలుది బీరువాలో దాచాను. షాపు వాళ్ళు పోగొడితే మళ్ళీ ఎక్కడ తెస్తాం?

నువ్వు శ్రమపడి రావక్కర్లేదు. అత్తయ్య గారిని గంటకోసారి పక్కకి తిప్పాలి, నిన్ను నేను ఏం చూసుకుంటాను? అయినా డాక్టరు రాసిన కాయితం ఉండగా మనిషితో పనేముంది. మీ మరిది ఇంట్లో ఉన్న ఆదివారం సాయంత్రం నేనే బెంజ్ సర్కిల్ దగ్గర నబీ గారి కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. ముసలాయనే గాని, మా వీధిలో అందరూ ఆయన దగ్గరే చేయిస్తారు.

ఆయన కాయితం చూసి, "రెండు కళ్ళకీ ప్లస్ రెండు. బాగానే ఉంది. ఆవిడేరమ్మా?" అన్నారు.

"పామర్రులో ఉంది."

"మరి నల్లగుడ్ల మధ్య ఎడం కొలవాలిగా?"

"నా ముఖం కొలవండి. మేమిద్దరం ఒక్క అచ్చు. చీకట్లో మా నాన్నే పోల్చుకోలేకపోయేవాడు."

"చీకట్లో నేనూ పోల్చుకోలేను తల్లీ. నా పని వెలుగులో" అన్నారు. కానీ కొలిచారు.

గోధుమ రంగు ఫ్రేము తీసుకున్నాను, నల్లది నీ ఒంటి రంగుకి మరీ గంభీరంగా ఉంటుందని. నేనే పెట్టుకుని అద్దంలో చూశాను. నువ్వే కనిపించావు.

మీ మరిది డిపోలో బందరు బస్సు డ్రైవరుకి ఇచ్చి పంపుతారు. బావగారిని శుక్రవారం మిల్లు నుంచి వచ్చేటప్పుడు బస్టాండులో తీసుకోమను. కిటికీ నీ ఎడమ చేతి వైపు ఉండేలా కూర్చుని చదువు. చీర కొంగుతో తుడవకు, గీతలు పడతాయి. పెట్టెలో మెత్తని గుడ్డ ఉంది.

నీ చెల్లెలు,
హెలెన్


పామర్రు,
22-7-1998

హెలెన్ తల్లికి,

జోడు అద్భుతంగా ఉంది. మీ బావ ఆమోసు గారు నన్ను చూసి "మునసబు కోర్టులో ప్లీడరమ్మలా ఉన్నావే" అని మిల్లంతా చెప్పుకొచ్చారు. ఆదివారం కూడికలో రెండు అధ్యాయాలు చదివాను. రాజ్యలక్ష్మి గారు మొదటి నుంచి చివరి దాకా నా వేలి వంకే చూస్తూ కూర్చుంది. చూసుకోమను.

కాలవలు వదిలారు, ఇక్కడ ఊడ్పులు జోరుగా సాగుతున్నాయి. పాకలో మేకు తొక్కాను, కాలి కింద పుండు పడి నెల కావస్తోంది, మానదు, నొప్పీ లేదు. దాహం మాత్రం ఎక్కువైంది. మీ బావ కొత్త కుండ తెచ్చి "ఇది నీకే, నాకు వేరే చూసుకుంటాను" అంటున్నారు. ఎండలు పోయినా ఒంట్లో వేడి పోలేదు. జాకెట్లన్నీ వదులయ్యాయి, అది ఒకందుకు మంచిదేలే.

అత్తయ్య గారు ఎలా ఉన్నారు?

మాణిక్యమ్మ


పామర్రు,
20-8-1998

హెలెన్‌కు,

నీకు చెప్పాలా వద్దా అని వారం ఆలోచించాను. జోడు పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి అక్షరాలు నీళ్ళలో వేసినట్టు కదులుతాయి. ఒక్కో రోజు రివర్సు. మొన్న అద్దం మీద దారప్పోగు అంటుకుందనుకుని తుడిచాను. పోలేదు. జోడు తీసేసి చూసినా ఆ పోగు అక్కడే ఉంది, నేను ఎటు చూస్తే అటు వస్తోంది. నలక పడిందేమోనని కళ్ళు కడుక్కున్నాను.

నీ షాపాయన ఏదన్నా అద్దం మార్చేసి ఉంటాడా? అడిగి చూడు. గట్టిగా అనకు, ముసలాయనంటున్నావు.

మాణిక్యమ్మ


భవానీపురం,
28-8-1998

అక్కకు వందనాలు.

గట్టిగానే అడిగాను. నబీ గారు నా ముందే షాపు పుస్తకం తీసి చూపించారు, కాయితంలో ఉన్న నంబరే వేశారు. "ఎడం కొలత తేడా పడితే తలనొప్పి వస్తుందమ్మా. పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా కనపడదు. ఒకసారి మనిషిని తీసుకురండి" అన్నారు. తప్పు ఒప్పుకోవడం ఇష్టంలేక అలా అంటున్నారని నాకనిపించింది. శిబిరంలో చీమ తలకాయలంత అక్షరాలు చదివిన కళ్ళు రెండు నెలల్లో పాడవుతాయా? కొలతే తప్పయి ఉంటుంది. నా ముఖం కొలిపించడం నాదే పొరపాటు, నీ ముఖం ఈ మధ్య చిక్కిందేమో.

ఇలా చెయ్యి. వెలుగులో నిలబడి తిన్నగా చూడు. బావగారి చేత ఒక నల్లగుడ్డు నడిమి నుంచి రెండో నల్లగుడ్డు నడిమి దాకా నూలుపోగు పట్టించు. ఆ పోగు కత్తిరించి కవర్లో పెట్టి పంపు. అది చూపించి కొత్త అద్దాలు వేయిస్తాను. పాత జోడు బస్సులో ఇచ్చెయ్.

కాలి పుండుకి పసుపు పెడుతున్నావా?

హెలెన్


పామర్రు,
10-9-1998

హెలెన్‌కు,

పోగు పంపుతున్నాను, కాగితానికి జిగురుతో అంటించాను, ఊడదు. దీనికోసం ఇంట్లో ఎంత తమాషా జరిగిందో! మీ బావకి బస్తాలు తూచడం వచ్చు గాని పెళ్ళాం ముఖం కొలవడం ఎక్కడొచ్చు? "కదలకే, కాటా ఊగుతోంది" అంటారు. "మీ చెయ్యే వణుకుతోంది" అంటాను. "ముప్పై ఏళ్ళయింది ఇంత దగ్గరగా నీ కళ్ళల్లోకి చూసి" అన్నారు చివరికి. అని కాసేపు అలాగే చూసి, "ఎర్రగా ఉందే ఒక పక్క" అన్నారు. పొయ్యి పొగ అని చెప్పాను.

జోడు లేక ఈ నెల కూడిక ఒకటి ఎగ్గొట్టాను. జ్వరమని కబురు చేశాను. రాజ్యలక్ష్మి గారు చదివిందట.

మాణిక్యమ్మ


పామర్రు,
6-10-1998

హెలెన్‌కు,

కొత్త జోడు అందింది. బాగుంది.

ఇక్కడ అందరం క్షేమం. మీ బావకి మిల్లులో పని ఎక్కువగా ఉంది. వరి కంకులు వేసింది. నువ్వు జోడు గురించి మళ్ళీ ఆ నబీ గారి దగ్గరికి వెళ్ళి గొడవ పెట్టుకోకు.

ఉంటాను.

మాణిక్యమ్మ


భవానీపురం,
14-10-1998

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం ఇంత చిన్నది ఎప్పుడూ రాలేదు. బాగుంది అని రాశావు. బాగుంటే ఆ వరసలేమిటి, కుడి పక్కకి వచ్చేసరికి కిందికి జారి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి? నీ చేతిరాత చూసే నేను అక్షరాలు దిద్దుకున్నాను. నాకు తెలియదా?

నబీ గారి దగ్గర నుంచి చదివే అట్ట ఒకటి అడిగి తెచ్చాను. ఇందులో పెట్టాను. శిబిరంలో ఇచ్చినలాంటిదే, పైన పెద్దవి, కింద చిన్నవి. కాలవ గట్ల మీద మొక్కలు నాటడం గురించి ఎవరో రాసిన నాలుగు మాటలు. జోడు పెట్టుకుని మూరెడు దూరంలో పట్టుకో. కుడి కన్ను మూసి ఒకసారి, ఎడమ కన్ను మూసి ఒకసారి చదువు. చిట్టచివరి వరసలో ఏముందో నాకు రాసి పంపు. దాన్ని బట్టి నంబరు పెంచాలో తగ్గించాలో ఆయన చెబుతారు.

తిరుగు టపాలో రాయి.

హెలెన్


పామర్రు,
3-11-1998

హెలెన్‌కు,

నాలుగు రోజుల నుంచి ఒకటే ముసురు. కోతకొచ్చిన చేలు ఒరిగాయి, నీళ్ళలో మొలకొస్తాయని ఊరంతా దిగులు. మిల్లు కట్టేశారు. మీ బావ ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెడుతున్నారు. మొన్న పప్పులో ఉప్పు రెండుసార్లు పడిందని ఇరుగుపొరుగుకి కూడా చెప్పారు. పక్కింటి తెరేసమ్మ గారు కాన్వెంటు బడి నుంచి రిటైరైంది, రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటోంది. మంచి మనిషి, కేథలిక్కు అన్నమాటే గాని.

అత్తయ్య గారికి వందనాలు చెప్పు.

మాణిక్యమ్మ


భవానీపురం,
10-11-1998

అక్కా,

నేను ముసురు గురించి అడగలేదు. అట్ట గురించి అడిగాను. చిట్టచివరి వరస రాయమన్నాను. ఒక్క మాట లేదు. పోనీ పై వరసైనా రాయలేదు.

నీకు కోపమొచ్చినా సరే, ఒక్కదానికి జవాబు చెప్పు. శిబిరంలో నువ్వు చదివిన అట్ట మీద ఏముంది? ఎంత చిన్నక్షరాలు, ఏం రాసుంది, గుర్తున్నంత వరకు రాయి. ఆ అట్టనీ ఈ అట్టనీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడొచ్చిందో తెలుస్తుంది. అది తెలిస్తే నంబరు సరిచేయించడం ఎంతసేపు.

హెలెన్


పామర్రు,
16-11-1998

హెలెన్‌కు,

కోప్పడకే. నీ అట్ట మీద ఏముందో నాకు తెలియలేదు. పై వరసలో "కాలవ" అన్నది పట్టుకున్నాను, అదీ నువ్వు ముందే రాశావు కాబట్టి. కుడి కంటి ముందు మసిగుడ్డ వేలాడదీసినట్టుంది. నీకు చెబితే ఆ నబీ గారితో పోట్లాడతావని చెప్పలేదు.

శిబిరంలో అట్ట మీద ఏముందని అడిగావు. ఇంకేముంటుంది, మిషను వాళ్ళు అచ్చేయించిందేగా. మన కీర్తనే. నాన్న తెల్లారుజామున లేపి, చింతబరిక పక్కన పెట్టుకుని మన చేత చెప్పించేవాడే, అదే. మొదటి మాట ఇంత లావు అక్షరాల్లో ఉంది. అది కంట పడగానే నాన్న ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. ఇంక నోరు ఆగుతుందా? గడగడా చదివి, చివర ఆమెన్ కూడా అన్నాను. డాక్టరమ్మ నవ్వింది. నీ అట్ట మీద కూడా అలాంటిది ఏదైనా వేయిస్తే చదివేదాన్ని. కాలవ గట్ల మీద మొక్కలంటే నాకేం తెలుసు చెప్పు?

మాణిక్యమ్మ


భవానీపురం,
19-11-1998

అక్కా,

నువ్వు చదవలేదే. అప్పజెప్పావు.

మొదటి మాట ఒక్కటే చూశావు. మిగతాదంతా నోటికొచ్చింది. ఆ పిల్ల డాక్టరు నువ్వు చిన్నక్షరాలన్నీ చదివావనుకుంది. అందుకే నీ కళ్ళల్లో చుక్కలు పొయ్యలేదు, లోపల చూడలేదు, కాయితం రాసి పంపించేసింది. నీ వెనకున్న ముసలమ్మకి చూశారు. నీకు చూడలేదు. ఆ కాయితం బీరువాలో దాచి, అందులో ఉన్నదే నిజమని నేను ఇన్ని నెలలు అద్దాలు మార్పిస్తూ కూర్చున్నాను.

ఈ ఉత్తరం డ్రైవరు చేతికే ఇచ్చి పంపుతున్నాను. అందిన వెంటనే బావగారిని తోడు తీసుకుని విజయవాడ వచ్చే మొదటి బస్సెక్కు. బట్టలు సర్దుకోవద్దు, నావి కట్టుకోవచ్చు. అత్తయ్య గారి గురించి ఆలోచించకు. మీ మరిది బస్టాండులో ఉంటారు.

హెలెన్


పామర్రు,
8-1-1999

చెల్లీ హెలెన్‌కు,

నీ అక్క మాణిక్యమ్మ చెప్పగా తెరేసమ్మ రాస్తున్నది. పోయిన వారం మీ ఇంటి నుంచి బయలుదేరి క్షేమంగా చేరాం. మన స్త్రీల సమాజం వాళ్ళకి తెలిస్తే ఉత్తరాలు రాయించడానికి కేథలిక్కే దొరికిందా అంటారు. ఈ మాట రాయనన్నది, రాయి అన్నాను. (రాశాను. తె.)

నలభై రోజులు మీ ఇంట్లో మంచమెక్కి తిన్నాను. మీ అత్తయ్య గారితో పొద్దు బాగా గడిచింది. "నన్ను చూసి జాలిపడే మనిషి ఒకటి తగ్గింది" అని ఆవిడ అన్నప్పుడు నువ్వు వంటింట్లోంచి గిన్నె విసిరేసినంత పని చేశావు గాని, నాకు నవ్వే వచ్చింది. అందరూ మెల్లమెల్లగా మాట్లాడుతుంటే ఆవిడొక్కతే మామూలుగా మాట్లాడింది.

షుగరుకి వేసే ఇంజెక్షను ఇక్కడ కాంపౌండరు రోజూ వచ్చి వేస్తున్నాడు. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఈ షుగరు, ఒంట్లో ఉండి ఒక్క మాట చెప్పలేదు. కాలి పుండు ఆరుతోంది. పెద్దాసుపత్రిలో కంట్లోకి లేజరు లైటు పెట్టిన దగ్గర నుంచి ఎడమ కన్ను ఉన్నచోటే ఉంది. కిటికీ ఎక్కడుందో తెలుస్తోంది. కిటికీలో ఎవరున్నారో తెలియడం లేదు. కుడి కంట్లో రక్తం నిండింది, అది అలాగే ఉంది.

కూడికకి వెళ్ళాను. రాజ్యలక్ష్మి గారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నా కుర్చీలోనే కూర్చోబెట్టింది. "మీకన్నీ కంఠతా వచ్చుగా అమ్మా, చూడకుండానే చెప్పండి, మేం వింటాం" అంది. ఈసారి తియ్యగా కాదు, నిజంగానే అంది. మొదటి మాట వచ్చేసరికి ఆ శిబిరం బల్ల గుర్తొచ్చింది. లేచి వెనక చాప మీద కూర్చున్నాను. ఆవిడే చదివింది. ఇదివరకటి కంటే నయంగా చదువుతోంది.

మాణిక్యమ్మ


భవానీపురం, విజయవాడ,
20-1-1999

అక్కకు, హెలెన్ వందనాలు. తెరేసమ్మ గారికి నమస్కారాలు.

మీరు అందరూ క్షేమమని తెలిసి సంతోషించాము. ఇక్కడ అందరం క్షేమం. ఇంజెక్షను భోజనానికి ముందు, రెండు పూటలా. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినాలి. అరటిపండు, సపోటా వద్దు. కాళ్ళు రోజూ కడిగి తుడుచుకోవాలి, చెప్పులు లేకుండా తిరగకూడదు. మళ్ళీ ఆసుపత్రికి మార్చి నెలలో రమ్మన్నారు. డాక్టరు గారు చెప్పిన ప్రకారం మందులు వాడితే అన్నీ సర్దుకుంటాయి. ధైర్యంగా ఉండవలెను.

బావగారికి మా నమస్కారాలు.

హెలెన్


పామర్రు,
29-1-1999

హెలెన్‌కు,

నీ ఉత్తరం తెరేసమ్మ చదివింది. చదివాక "ఇంతేనా?" అన్నాను. "ఇంతే" అంది. వెనక్కి తిప్పి చూడమన్నాను. తిప్పి, "ఖాళీ" అంది. "చివర్న ఉండవలెను అనే రాసిందా నిజంగా?" అని మళ్ళీ అడిగాను. బస్సు డిపో వాళ్ళు నోటీసు పంపినట్టుంది నీ ఉత్తరం.

నాకర్థమైంది, మధ్యలో ఇంకో మనిషి ఉంటుందని అలా రాశావు. తెరేసమ్మ మంచిది. ఇది చెబుతుంటే కళ్ళు తుడుచుకుంటోంది, ముక్కు చప్పుడు వినిపిస్తోంది. కానీ నీ మాటలు ఆవిడ గొంతుతో వస్తుంటే నువ్వెక్కడో చాలా దూరంలో ఉన్నట్టుంది. ఇదివరకు నీ ఉత్తరం వస్తే పొయ్యి కట్టేసి, కిటికీ దగ్గర కూర్చుని రెండుసార్లు చదువుకునేదాన్ని. ఎక్కడ కలం ఆపావో, ఎక్కడ మీ అత్తయ్య పిలిస్తే లేచి వెళ్ళొచ్చావో సిరా చూస్తే తెలిసేది.

ఆసుపత్రిలో చివరి రోజు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి నువ్వొక్కదానివే లోపలికి వెళ్ళావు. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నావు. నువ్వు అంత గట్టిగా నా చెయ్యి పట్టుకున్నది నాన్న పోయిన రోజున. ఎడమ కన్ను గురించే కదూ ఆయన చెప్పింది? అది కూడా పోతుందా, ఉంటుందా? పోతే ఎన్నాళ్ళకి? నాకు తెలియాలి. వేసవి లోపలైతే కుండలు, డబ్బాలు ఎక్కడివక్కడ సర్ది చేత్తో గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో తడుముకోకుండా తిరగడం ఇప్పుడే నేర్చుకోవాలి. మీ బావకి టీ పెట్టడం అయినా నేర్పాలి.

కానీ ఉత్తరంలో రాయకు. అది తెరేసమ్మ నోటితో వినడం నాకిష్టం లేదు. పాపం, చెప్పడం ఆవిడకీ ఇష్టం లేదు. ఇంక నాకు ఉత్తరాలు వద్దు హెలెన్. రా. వచ్చి నీ నోటితో చెప్పు.

మాణిక్యమ్మ


భవానీపురం,
4-2-1999

అక్కా,

వస్తున్నాను. వచ్చే గురువారం పొద్దున మొదటి బస్సు.

అత్తయ్య గారితో రెండు రోజులు పామర్రు వెళ్తానని చెప్పాను. "ఏం, ఆవిడకి కళ్ళు పట్టుకెళ్తావా?" అన్నారు. నేను గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. కాసేపటికి ఆవిడే పిలిచి, "వెళ్ళు. వాడికి నేను ఇరవై ఏళ్ళు గంజి పోశాను, రెండు రోజులు వాడు నాకు పోస్తే చేతులు అరిగిపోవు" అన్నారు. మీ మరిది సెలవు పెట్టారు.

గంటన్నర ప్రయాణం. కాయితం నీ దగ్గర నుంచి నాకొచ్చింది, జోడు నా దగ్గర నుంచి నీకొచ్చింది, దారం కూడా వచ్చింది. నేను రాలేదు. జూన్‌లోనే ఒక్క పూట వచ్చి నీ ఎదురుగా భోజనానికి కూర్చుని ఉంటే, నీళ్ళ గ్లాసు కోసం నువ్వు చెయ్యి ఎలా చాపుతున్నావో చూసి ఉండేదాన్ని. దీనికి నువ్వు ఏం చెబుతావో నాకు తెలుసు. చెప్పొద్దు.

డాక్టరు నాతో అన్నది మొత్తం చెబుతాను. తగ్గించను, కలపను. ఇంటికెళ్ళి తలుపు వేసుకున్నాక చెబుతాను. తెరేసమ్మ గారూ, ఇంతవరకు మీ చేత చదివించినందుకు ఏమీ అనుకోకండి.

నువ్వు బస్టాండుకి వద్దంటే వినవని తెలుసు. చెప్పులు వేసుకో. బావగారి పక్కనే నిలబడు. ఆ వేళప్పుడు బందరు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ఎందులోంచి దిగుతానా అని తల తిప్పి వెతుక్కోకు. దిగి నీ దగ్గరికొచ్చి నేనే పిలుస్తాను.

హెలెన్